బొటనవేలు అడ్డుపెట్టి చూసిన మాస్టారు

మా డ్రిల్లు మాస్టారు పోయారని గురువారం పొద్దున్నే ఆయన భార్య ఫోన్ చేసి చెప్పారు. ఏలూరులో మా ఇంటికి రెండు వీధుల అవతలే వాళ్ళిల్లు. నడిస్తే ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాలు నడవకుండా మూడు వారాలు మొండికేసి కూర్చున్నదాన్ని నేను. అందుకే ఇది రాయడం నాకు కష్టంగా ఉంది.

ఆయన పేరు మీరు ఏ పేపర్లోనూ చూసి ఉండరు. మండవల్లిలో మా హైస్కూల్లో ఆడపిల్లలకు ఖోఖో నేర్పారు, అంతే. వానలకు గ్రౌండు బురదైపోతే చేపల చెరువు గట్టు మీద మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి, వీపు తట్టి ఖో ఇవ్వడం ఒక్కటే గంటసేపు చేయించేవారు. మేత బస్తాల లారీ వస్తే లేచి దారిచ్చి మళ్ళీ కూర్చునేవాళ్ళం. డ్రైవరు విసుక్కుంటే, "ఒక్క నిమిషం ఆగండి బాబూ, పిల్లలు పరీక్షలో ఉన్నారు" అనేవారు. ఎవరినీ మెచ్చుకునే అలవాటు లేదు. ఫలానా పిల్ల బ్రహ్మాండంగా ఆడుతోందని ఎవరైనా అంటే, "చప్పట్లు వినకండి, కాళ్ళు చూడండి" అనేవారు.

ఆ ఫలానా పిల్లను నేనే. మా జట్టులో అందరికన్నా ఎక్కువ మందిని తాకి అవుట్ చేసింది నేను. సత్యవతి అని నా ఈడుదే ఒకమ్మాయి ఉండేది. అవతలి జట్టు పిల్లను సరిగ్గా నా ముందుకు తరుముకొచ్చి నా వీపు తట్టేది. నేను లేచి తాకేదాన్ని. జిల్లా జట్టుకు మా స్కూలు నుంచి ఒక్క పేరే పంపాలన్నారు. నా పేరేనని మా అమ్మ చుట్టాలందరికీ చెప్పేసుకుంది. మాస్టారు సత్యవతి పేరు పంపారు. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మర్నాటి నుంచి నేను గ్రౌండు మొహం చూడలేదు.

చాలా ఏళ్ళకు, నేను ఏలూరులో స్థిరపడ్డాక, కూరగాయల బజారులో ఆయనే నన్ను గుర్తుపట్టి పలకరించారు. రిటైరై ఇక్కడే ఉంటున్నారట. పాత కోపం ఉన్నా మర్యాదకు ఒకసారి వెళ్ళాను. తర్వాత వెళ్ళకుండా ఉండలేకపోయాను. సాయంత్రం మజ్జిగ ఇచ్చి, టీవీలో ఏ ఆట వస్తే ఆ ఆట చూపించి, మధ్యలో ఆటగాళ్ళ మోకాళ్ళ గురించి మాట్లాడేవారు.

నేను ఇంటి నుంచే ఒక అమెరికా కంపెనీకి పని చేస్తాను. అక్కడి వాళ్ళతో కలిసి ఫోన్లో ఫాంటసీ ఫుట్‌బాల్ ఆడతాను. వాళ్ళ దేశపు ఫుట్‌బాల్‌లో నిజంగా ఆడేవాళ్ళను ఏరుకుని మేం కాగితం మీద జట్లు కట్టుకుంటాం. వాళ్ళక్కడ బాగా ఆడితే ఇక్కడ మాకు పాయింట్లు. మాది డైనస్టీ లీగ్. ఒకసారి తీసుకున్న ఆటగాడు, మనం వేరేవాళ్ళకు ఇచ్చేదాకా ఏటా మనవాడే. అందుకని కొత్తవాడు ఎంతకాలం నిలుస్తాడో కనిపెట్టడమే అసలు పని.

నా జట్టులో ఒక కొత్త కుర్రాడు ఉండేవాడు. రన్నింగ్ బ్యాక్, అంటే బంతి చంకలో పెట్టుకుని మనుషుల మధ్య నుంచి దూసుకుపోయేవాడు. మొదటి ఏడే చెలరేగిపోయాడు. వాడికి బదులు ఇద్దరు మంచి ఆటగాళ్ళను ఇస్తామని లీగ్‌లో వాళ్ళు నా వెంటపడ్డారు.

"ఉంచుకోమంటారా మాస్టారూ?" అని ఫోన్లో వాడి ఆట చూపించాను.

ఆయనకు ఆ ఆట ఓనమాలు తెలియవు. కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చూశారు. తర్వాత బొటనవేలితో ఆ కుర్రాణ్ణి మూసేశారు. వేలు తగిలి వీడియో ఆగిపోయేది, నేను మళ్ళీ నడిపించేదాన్ని.

"వీడు లేడనుకో అమ్మా. దారి ఉందా, లేదా?"

ఉంది. ముందున్న వాడి జట్టు భారీ మనుషులు ఐదుగురు అవతలి వాళ్ళను చెరో పక్కకూ నెట్టేస్తే, ఎడ్లబండి పట్టేంత దారి ఉంది.

"ఈ దారిలో అయితే ఈ మోకాళ్ళతో నేనూ పరిగెడతానే! ఎవడైనా వీణ్ణి పట్టుకున్నాక ఇంకెన్ని అడుగులేస్తున్నాడో చూడు."

చూశాను. ఒకటి, మహా అయితే రెండు.

"కుర్రాడు మంచివాడే. కానీ వీడికొచ్చిన పేరులో సగం ఆ ఐదుగురిదీను" అన్నారు.

కుర్రాణ్ణి ఇచ్చేశాను. లీగ్ అంతా నన్ను చూసి నవ్వింది. మరుసటి ఏడాది ఆ ఐదుగురిలో ముగ్గురు వేరే జట్లకు పోయారు. కుర్రాడు గోడకు గుద్దుకున్నట్టు ఆగిపోసాగాడు. నేను మడతకాజాల డబ్బా పట్టుకుని మాస్టారింటికి పరిగెత్తాను.

ఆయన కాజా ముట్టుకోలేదు.

"ఆ పిల్లాడికి ఎవరైనా చెప్పారంటావా అమ్మా, ఆ దారి తనది కాదని?"

"వాడికెందుకు చెబుతారండీ?"

"నీకు నేను చెప్పలేదు" అన్నారు.

కాజాల డబ్బాకు మూత పెట్టేశాను. "నన్ను కూడా ఇలాగే మూసి చూశారా?"

"చూశాను. సత్యవతి ఖో ఇచ్చే అదును అలాంటిదమ్మా. నీ చోట ఎవరు కూర్చున్నా అవుట్లు వచ్చేవి. దారి చేసేది ఆ పిల్ల. నా లెక్క తప్పలేదు. కానీ పిలిచి కూర్చోబెట్టి చెప్పాల్సింది. ఇంత పిల్లకి ఏం చెబుతాంలే అనుకున్నాను. నువ్వు ఆటే మానేస్తావనుకోలేదమ్మా."

సముద్రాల అవతలి కుర్రాడి విషయంలో అదే లెక్కకు నేను మురిసిపోయాను. నా దగ్గరికొచ్చేసరికి ఒళ్ళు మండిపోయింది. డబ్బా అక్కడే వదిలేసి, చెప్పులేసుకుని వచ్చేశాను. ఆ తర్వాత ఆయన రెండుసార్లు ఫోన్ చేశారు. నేను తీయలేదు. ఆయన నన్ను క్షమించమని అడగబోయారో, మజ్జిగకు రమ్మనబోయారో నాకిక తెలియదు. చేసిన తప్పును అన్నేళ్ళ తర్వాత తనంతట తాను ఒప్పుకున్న గురువు నాకు ఆయనొక్కరే. ఆ మాట ఆయన వినేలా నేను చెప్పలేదు. ఇది నన్ను వదలడం లేదు.

పెద్దకర్మకు సత్యవతి వచ్చింది. కలిదిండిలో రొయ్యల షెడ్డులో పని చేస్తోందట. భోజనాలయ్యాక బస్టాపు దాకా తనతో నడిచాను.

"అప్పుడు నీ పేరు రాయబోయి మాస్టారు పొరపాటున నా పేరు రాశారనుకున్నానే" అంది. "ఎందుకు పంపుతున్నారో ఆయన చెప్పలేదు. అక్కడ ఎవరైనా కనిపెట్టేస్తారేమోనన్న భయంతో ఖో ఇచ్చిన ప్రతిసారీ తడబడ్డాను. ఒక్క ఆటకే పక్కన కూర్చోబెట్టేశారు. ఆ సిగ్గుతో నేనూ మానేశాను. నీ చోటు నేను తినేశానని నీకెప్పుడూ ఎదురుపడలేదు."

చెబితే నేను చిన్నదాన్నైపోతాను. అయినా చెప్పాను. పొరపాటు కాదని, నా అవుట్లన్నీ తను చేసిన దారి వల్లేనని, మాస్టారు తన నోటితోనే అన్నారని.

సత్యవతి నా చెయ్యి పట్టుకుంది. "మళ్ళీ చెప్పవే" అంది. చెప్పాను. ఇంతలో కలిదిండి బస్సు వచ్చి ఆగింది. కండక్టరు ఎక్కమని కేకేశాడు.

"నీ మాటల్లో కాదు. ఆయన ఎలా అన్నారో అలాగే చెప్పు" అంది.

బస్సు కదిలి వెళ్ళిపోయింది. సత్యవతి సంచీ ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చుని, కళ్ళు మూసుకుని వింటోంది.