మైదానంలో మిరపకాయలు

ఎనభైల్లో, గుంటూరు నుంచి ఒంగోలు వైపు వెళ్లే దారిలో, రెండు పాత కాలేజీలను కలిపి ఒక యూనివర్సిటీ చేశారు. నేను అప్పుడు ఒక దినపత్రిక విలేకరిని. కలపడం ఒక్క ఉత్తర్వుతో అయిపోయింది. కలవడం మాత్రం జరగలేదు. ప్రారంభోత్సవంలో కూడా ఒక కాలేజీ వాళ్లు కుడివైపు, రెండో కాలేజీ వాళ్లు ఎడమవైపు కూర్చున్నారు. మధ్యలో జంపఖానాలు పరిచిన దారి.

సభికుల వెనక, మైదానంలో, ఒక కౌలు రైతమ్మ మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. భర్త పోయాక సేద్యం ఆమే చూసుకునేది. ఆ ఏడాది పంటంతా అదే. తడిస్తే కాయ నల్లబడుతుంది, మార్కెట్ యార్డులో ఎవరూ ముట్టరు.

ముందురోజు ఆమె ఇద్దరు పాత ప్రిన్సిపాళ్లలో ఒకాయన దగ్గరికి వచ్చినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను.

"రేపు సభంటగా, కాయలెత్తెయ్యమంటారా అయ్యగారూ? ఇంకో రెండెండలు కావాలి."

"నేనిప్పుడు ప్రిన్సిపాల్ని కాదమ్మా. వీసీగారు రేపు చార్జి తీసుకుంటారు. ఇవాళ చెప్పడానికి ఎవరూ లేరు."

"అయితే ఎవరూ వద్దన్లేదన్నమాట," అని ఆమె వెళ్లిపోయింది.

మర్నాడు మంత్రిగారు ఐక్యత గురించి మాట్లాడుతుండగా గాలి లేచింది. వెనక వరసల్లో మొదలైన తుమ్ములు వేదిక దాకా వచ్చాయి. ఆ వెంటే చినుకు.

"వానొచ్చె! కాయలు, కాయలు!" మైదానంలోంచి ఆమె కేక.

మిరప పండించే ఇంట పుట్టినవాడు ఆ కేక వింటే పెళ్లిపీటల మీదనుంచైనా లేస్తాడు. అధ్యాపకుల్లో అలాంటి ఇళ్లవాళ్లే ఎక్కువ. డాక్టరేట్లతో సహా లేచి, జంపఖానాలు ఊడలాక్కుని పరిగెత్తారు. ప్యాంట్లు మడిచి కాయలు కుప్ప చేశారు. ఇద్దరు పాత ప్రిన్సిపాళ్లు కుప్ప మీద కప్పడానికి ఒకే జంపఖానాకు చెరో కొస పట్టుకున్నారు.

"మీవాళ్లకి కుప్ప చెయ్యడం కూడా రాదండీ!"

"మీవాళ్లు చెయ్యి పెడితేగా!"

"ఒరేయ్ కళ్లజోడూ, ఆ కొస లాగరా! అన్నం తిన్లేదా?" అని ఆమె అరిచింది. కళ్లజోడాయన ఫిజిక్స్ రీడరు. లాగాడు.

మంత్రిగారు ఖాళీ కుర్చీలకు ఐక్యత బోధిస్తూనే ఉన్నారు.

వాన ఎంతోసేపు లేదు. వెలిశాక ఆమె జంపఖానా ఎత్తి, అడుగునుంచి ఒక కాయ తీసి చెవి దగ్గర ఊపింది. గింజలు గలగలమన్నాయి.

కొత్త వీసీగారి మొదటి కాగితం, మైదానంలో కాయలు పొయ్యడానికి అనుమతి ఎవరిచ్చారని. అవతలి కాలేజీ వాళ్లేనని రెండువైపుల నుంచీ జవాబు వెళ్లింది. విచారణకు సంఘం వేశారు, రెండు కాలేజీల నుంచీ సమానంగా సభ్యులతో. మొదట అధ్యక్షుడెవరో తేలాలి గదా. అది తేలేలోగా ఆమెకు కావలసిన రెండెండలూ కాశాయి. కాయలు బస్తాలకెక్కి యార్డుకు వెళ్లిపోయాయి. సభ్యులు ఖాళీ నేల చూసి, తుమ్ముకుంటూ తిరిగొచ్చారు.