పాత డిస్కులో పోచమ్మ

కోపం పాతబడితే చల్లారుతుందని అంటారు. నాది చల్లారలేదు. నేను చల్లారనివ్వలేదు కూడా. డెబ్బైల చివర మా కంప్యూటర్ సెంటర్లో నా పైఅధికారి నాకు చేసిన పని తలుచుకుంటే ఈ వయసులోనూ ఒళ్ళు మండుతుంది. తర్వాత నేనాయనకు చేసింది తలుచుకుంటే హాయిగా నిద్రపడుతుంది. ఆయన్ని ఇక్కడ సారు అనే అంటాను. గౌరవంతో కాదు, నోటికి అలవాటైపోయి.

మాది కొత్తగూడ. అప్పుడది రాళ్ళగుట్టల మధ్య చిన్న ఊరు. నాన్న గుట్టల్లో రాయి కొట్టేవాడు. నేను పట్నంలో లెక్కల డిగ్రీ పూర్తిచేసేసరికి మా ఊరి బయట వానల లెక్కలు, బావుల్లో నీటిమట్టం లెక్కలు చూసే సెంటర్ ఒకటి వెలిసింది. ఉద్యోగులు కొందరు జీపులో వచ్చేవారు, కొందరు హఫీజ్‌పేట్ స్టేషన్లో రైలు దిగి మట్టిబాటన నడిచి వచ్చేవారు. ఊళ్ళోంచి పొలంగట్టు మీదుగా వచ్చేదాన్ని నేనొక్కదాన్నే. ప్రోగ్రాములు రాసే ఉద్యోగం, కానీ ప్రొబేషన్ మీద. అది ముగిసేలోపు సారు మంచి మాట రాస్తే ఉద్యోగం నిలుస్తుంది, లేకపోతే ఇంటికే. నాన్న రాతిదుమ్ముతో ఊపిరితిత్తులు పాడై మంచాన పడ్డాడు కాబట్టి ఆ ఇంటికి నా జీతమే ఆధారం.

సెంటర్లో పాత కంప్యూటర్ పోయి కొత్తది రావడంతో కథ మొదలైంది. వానల లెక్కలన్నీ పాతదాని డిస్కుల్లో ఉన్నాయి. అప్పటి డిస్కంటే అరచేతిలో ఇమిడేది కాదు. పెద్ద పెద్ద అల్యూమినియం పళ్ళేలు ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన ప్లాస్టిక్ మూత బిగించిన బరువైన పెట్టె. ప్యాకు అనేవాళ్ళం. పాత ప్యాకు కొత్త యంత్రంలో చక్కగా పట్టింది, గిర్రున తిరిగింది కూడా. తీరా చూస్తే కొత్త యంత్రాన్ని నడిపే సిస్టం ఈ డిస్కు ఖాళీ అంది. పాత సిస్టం ప్యాకు మొదట్లో ఒక పట్టిక పెట్టుకునేది, ఏ పేరుగల ఫైలు ఏ పళ్ళెంలో ఏ వరుసలో ఉందో అందులో రాసుకునేది. కొత్తదాని పట్టిక తీరే వేరు, అక్షరాలకు వాడే సంకేతాలూ వేరు. పాతదాని రాత కొత్తదానికి రాతలాగే కనబడలేదు.

రెండు యంత్రాలూ కొన్నాళ్ళు పక్కపక్కనే ఉన్నాయి. ఆ రోజుల్లోనే పాత ప్యాకును కొత్త యంత్రంలో చదివే ప్రోగ్రాం నేను రాశాను. పాత పట్టికను పట్టుకుని, దాని లెక్కన ఫైళ్ళు వెతికి, ఒక్కో అక్షరాన్నీ మార్చి కొత్త తీరులో రాసిపెట్టేది. పట్నం నుంచి తెచ్చేటప్పుడు రాళ్ళబాటలో లారీ కుదుపులకు ఒక ప్యాకు పట్టిక దగ్గరే గీసుకుపోయింది. దానికోసం ఇంకో దారి కూడా పెట్టాను. పట్టిక వద్దని ఒక కార్డు ముందు తగిలిస్తే, ప్రోగ్రాం పట్టికను చూడకుండా మొదటి పళ్ళెం నుంచి చివరి పళ్ళెం దాకా ఉన్నది ఉన్నట్టు చదివేస్తుంది.

అప్పుడు ప్రోగ్రామంటే కార్డుల కట్ట. ఒక్కో కార్డు మీద ఒక్కో వరుస గుద్దాలి. మొదటి గడిలో సి అని గుద్దిన కార్డును యంత్రం పట్టించుకోదు, మనుషులు చదువుకోవడానికే అది. అలాంటి కార్డు మీద నేను మొట్టమొదట పోచమ్మ తల్లి కొత్తగూడ అని ఇంగ్లీషు అక్షరాల్లో గుద్దుకునేదాన్ని. దాని కింది కార్డు మీద నా పేరు. అమ్మ చెప్పిన అలవాటది, పని మొదలుపెట్టేముందు తల్లిని తలుచుకోమని. సారు మాత్రం తక్కువా, చిన్న చీటీ మీదైనా శ్రీరామ అని రాయందే కలం కదిపేవారు కాదు. ఆ విషయంలో మేమిద్దరం ఒక్కటే.

ప్రోగ్రాం మొదటి ప్యాకును చదివిన రోజు సారు నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డారు. గోదావరి జిల్లా మనిషి, మాట తేనె.

"భలే చేశావమ్మాయ్. ఆ కట్టా, ప్రింటు కాగితాలూ నాకిచ్చెయ్. డైరెక్టరు గారికి చూపించాలి, నా బీరువాలో భద్రంగా ఉంటాయి."

ఇచ్చేశాను. ఆయన భద్రంగానే దాచారు, నాకు అందకుండా.

కొన్ని వారాలకు కొత్త యంత్రంలో ఆ ప్రోగ్రాం సారు పేరు మీద తేలింది. నా పేరు కార్డు తీసేసి తన పేరు గుద్దించుకున్నారు. మొదటి వరుసలో పోచమ్మ మాత్రం అలాగే ఉంది. ఎందుకు వదిలేశారో నాకు అప్పుడు తోచలేదు. అంతటితో ఆగారా అంటే, కట్ట ఇచ్చేముందే పాత యంత్రంతో చదివించి పాత ప్యాకులో నేను దాచుకున్న అసలు ప్రతిని కూడా పాత యంత్రం విప్పి లారీ ఎక్కించే ముందురోజు చెరిపించేశారు. పట్టిక తీసి చూస్తే నా ఫైలు పేరు లేదు.

డైరెక్టరు గారి గదికి పోయి చెప్పాను. ఆయన పాతబస్తీ మనిషి, చెడ్డవాడు కాదు. "రుజువేది బిడ్డా? ఉత్తమాట మీద నేనేం జెయ్యాలె?" అన్నాడు. నా దగ్గర రుజువు లేదు. నేను పైకి వెళ్ళి చెప్పానన్న సంగతి సాయంత్రానికల్లా సారుకు తెలిసింది. ప్రోగ్రామింగుకు పనికిరాదు అని నా మీద రాసి, ప్యాకులు దాచే గదిలో వేశారు. దుమ్ము తుడవడం, అడిగిన ప్యాకు మోసుకెళ్ళి ఇవ్వడం, కార్డులు యంత్రంలో పెట్టడం. ప్రొబేషన్ అయిపోగానే అదీ ఉండదు.

ఆ పూట ఇంటికి పోయి చెబితే అమ్మ పొయ్యి ముందు నుంచి లేవలేదు.

"వాని చేతులు పడిపోను. పోచమ్మ జూస్తది వాని సంగతి" అంది.

"పోచమ్మ చూసేదాక నేనాగనే. నేనే జూస్త" అన్నాను.

చూస్తానని అన్నానే గానీ ఎలాగో తెలియదు. రోజూ ఆ గదిలో ప్యాకులు తుడుస్తూ సారును తిట్టుకునేదాన్ని. ఆయన కుర్చీ విరగాలని, కళ్ళజోడు పగలాలని, జీపు మా ఊరి బురదలో దిగబడాలని. ఒకరోజు జీపు నిజంగానే దిగబడింది. మా వాళ్ళే తోశారు. నాకు ఏమంత తృప్తి కలగలేదు.

ఒకరోజు ఆ ప్యాకు, నా ఫైలు చెరిపించినది, చేతిలో ఉండగా ఉన్నట్టుండి తట్టింది. చెరిపింది ఏమిటి? పట్టికలో పేరు. పాత సిస్టం అంతే చేసేది, పేరు కొట్టేసి ఆ చోటు ఖాళీ అనుకునేది. ఇంటి గుమ్మం మీద పేరు పలక పీకేస్తే లోపలున్న మనుషులు ఎక్కడికి పోతారు? పట్టికను నమ్మే పాత సిస్టంకు నా ఫైలు లేదు. పట్టిక చూడకుండా చదివే నా ప్రోగ్రాంకు ఎందుకుండదు? ఆ తర్వాత ఆ ప్యాకు మీద ఎవరూ ఏమీ రాయలేదు కూడా, రాసే యంత్రమే వెళ్ళిపోయింది.

అందరూ భోజనానికి పోయినప్పుడు, సారు పేరుతో ఉన్న ఆ ప్రోగ్రాంనే నడిపాను. పట్టిక వద్దనే కార్డు కొత్తగా గుద్ది ముందు పెట్టాను. వానల లెక్కలు కాగితాల కొద్దీ వచ్చాయి. వాటి వెనక పోచమ్మ తల్లి వచ్చింది, ఆమె కింద నా పేరు వచ్చింది. కాగితం చింపి మడిచి టిఫిన్ సంచిలో పెట్టుకున్నాను. ఏడవలేదు. ఏడవడానికి తీరిక లేదు, ఆలోచించుకోవాల్సింది చాలా ఉంది.

అప్పుడే వెళ్ళి డైరెక్టరు గారికి చూపించొచ్చు కదా అని మీరు అడగొచ్చు. చూపించొచ్చు. ఆయన సారును లోపలికి పిలిచి, తలుపు వేసి, నాలుగు మాటలని, సర్దుకుపొమ్మని పంపేవాడు. నాకు న్యాయం ఒక్కటే చాలదు. నలుగురి ముందు నా పేరు తీసేసినవాడి మొహం నలుగురి ముందే చూడాలి. మా సెంటర్ లాగే పాత ప్యాకులతో ఇరుక్కుపోయిన వేరే ఊళ్ళ సెంటర్ల వాళ్ళు ఈ ప్రోగ్రాం చూడటానికి వస్తున్నారని అప్పటికే తెలుసు. ఆ రోజు కోసం ఆగాను. ఆగినన్నాళ్ళూ సారుకు వినయంగా నమస్కారం పెట్టాను.

ఆ రోజు చల్లటి యంత్రాల గది నిండా మనుషులు. సారు కొత్త చొక్కా వేసుకుని, ఈ పని కోసం తానెంత నిద్ర పాడుచేసుకున్నారో చెప్పారు. నేను వింటూ నిలబడ్డాను. మా ఆఫీసులో ఒక పద్ధతుండేది. అధికారులు కార్డులు రాస్తారు, సంతకాలు పెడతారు, కానీ యంత్రంలో కార్డు పెట్టడం వాళ్ళ హోదాకు తక్కువ. కట్ట చేతికిచ్చి పక్కకు జరుగుతారు.

"ఏదో ఒక ప్యాకు పట్రా అమ్మాయ్. ఏదైనా చదివేస్తుందండి ఇది" అన్నారు సారు.

పట్టుకొచ్చాను, ఏదో ఒకటి కాదు. ఆయన అందించిన కట్టకు పట్టిక వద్దనే నా కార్డు ముందు తగిలించి యంత్రంలో పెట్టాను.

ప్రింటరు ధడధడమని మొదలుపెట్టింది. వానల లెక్కలు రాగానే వచ్చినవాళ్ళు తలలూపారు. డైరెక్టరు గారు ప్రింటరు పక్కనే నిలబడి కాగితం వచ్చేకొద్దీ చేతుల్లోకి తీసుకుంటున్నారు. ఒకచోట ఆగి కళ్ళజోడు సవరించుకున్నారు.

"జర ఆగుండ్రి. గిది వాన లెక్క కాదు గదా. ఏందిది?"

సారు తొంగిచూశారు. మొహంలో రంగు మారడం నేను తనివితీరా చూశాను. మాట మాత్రం ఇంకా తేనెలాగే ఉంది.

"నా ప్రోగ్రామేనండి. ఈ అమ్మాయి నాది కాపీ కొట్టి, పేరు మార్చి పాత ప్యాకులో పెట్టుకున్నట్టుంది. చూశారా అండి ఎలాంటివాళ్ళో."

ఆ మాటకు నేను సిద్ధంగా లేను. ఎవరిది అసలు, ఎవరిది నకలు అంటే కాగితం ఏం చెబుతుంది? డైరెక్టరు గారు నా వైపు చూశారు, మళ్ళీ కాగితం చూశారు. సారు పేరుతో ఉన్న ప్రతి తెప్పించి పక్కన పెట్టుకుని మొదటి వరుస మీద వేలుంచారు.

"రెండిట్ల పోచమ్మనే ఉన్నది. కొత్తగూడ పోచమ్మ. మీది రాజమండ్రి దిక్కు గదా, ఈ పోచమ్మ మీకేమైతది?"

డైరెక్టరు గారు అంతటితో వదల్లేదు.

"గుడి ఏ దిక్కుకున్నది? రోజూ దాని ముంగటికెల్లే గదా మీ జీపు వచ్చేది."

సారు కిటికీ వైపు చూశారు. కిటికీలో గుట్టలు తప్ప ఏమీ లేవు. చివరికి ఆయన నోటి నుంచి ఎంత మెల్లగా వచ్చిందో ఆ మాట.

"అమ్మవారి పేరు కదండీ. అప్పుడు మా పిల్లలిద్దరికీ ఆటలమ్మ పోసి ఉందండి. ఆ కార్డు తీసి పారేయడానికి చెయ్యి రాలేదండి."

"దాని కింది కార్డు తీసెతందుకు చెయ్యొచ్చిందా?" అన్నారు డైరెక్టరు గారు.

ఎవరూ నవ్వలేదు. నేను కూడా పైకి నవ్వలేదు. కానీ ఆ క్షణంలో నా లోపల కలిగిన సుఖం నా పెళ్ళిలో కూడా కలగలేదని మా ఆయనతోనే చెప్పాను.

నా ఉద్యోగం నిలిచింది. ప్రోగ్రాం నా పేరు మీదికి వచ్చింది. అమ్మ పోచమ్మకు బోనం చేసింది, ఆ ఏడు బోనం కుండ నేనే మోశాను. సారుకు మాత్రం ఏమీ కాలేదు. అలాంటివాళ్ళకు శిక్ష పడదు, బదిలీ పడుతుంది. అదీ సొంత జిల్లా దగ్గరికే. ఆ కాగితం చూసి నాకు మళ్ళీ ఒళ్ళు మండింది.

వెళ్ళిపోయే రోజు సారు ప్యాకుల గదికి వచ్చారు. తలుపు దగ్గరే ఆగి, ఎన్నడూ లేనిది నన్ను మీరు అని పిలిచారు.

"మీ ప్రోగ్రాం అన్ని ప్యాకుల్నీ అలాగే చదువుతుందాండీ? చెరిపేసినవి కూడా అన్నీ కనబడతాయా?"

అప్పుడర్థమైంది నాకు. ఈయన ఇంకా ఏవో చెరిపించి ఉంటాడు. ఏమిటో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. తెలియకపోతేనేం, ఆయన కళ్ళలో భయం కనబడింది. అదే చాలు.

"అన్నీ కనబడతాయి సార్" అన్నాను.

"మీరు చూశారా అండీ?"

నేను చేతిలోని ప్యాకు తుడుచుకున్నాను.

ఆ తర్వాత ఏ పెళ్ళిలో ఎదురుపడినా, ఏ పదవీవిరమణ సభలో కలిసినా సారు నన్ను పక్కకు పిలిచి యోగక్షేమాలు అడిగేవారు. ఎక్కడ తిరిగినా మాట అక్కడికే వచ్చేది. చివరిసారి కొత్తగూడలోనే కలిశారు. మా పొలంగట్టు ఉన్నచోట అపార్టుమెంట్లు లేచాయి, అందులో ఒకదాంట్లో వాళ్ళ అబ్బాయి గృహప్రవేశం. చేతికర్ర ఊతంతో లిఫ్టు దాకా వచ్చి, అటూ ఇటూ చూసి అడిగారు.

"ఆ పాత ప్యాకులు ఏమయ్యాయండీ?"

అవి ఏనాడో తుక్కు కింద పోయాయి. పళ్ళేలు విడదీసి కరిగించడానికి లారీకెత్తించింది నేనే. నేను వాటిలో నా ఫైలు తప్ప ఇంకేదీ చదవలేదు.

"భద్రంగా ఉన్నాయి సార్" అని లిఫ్టు ఎక్కాను.