ల్యాబు సర్వరు పేరు, మా వదినకు మెమో

మా వదిన నోట్లో నాలుక లేని మనిషి. నాకు ఒళ్ళు మండేదీ అందుకే. పదకొండేళ్ళుగా మా ఆసుపత్రిలో రోగుల వివరాలుండే డేటాబేస్ సర్వర్లు చూసేది ఆమే. నేను అక్కడే రిపోర్టుల కౌంటర్లో కూర్చుంటాను. రక్తపరీక్ష కాగితం అరనిమిషం ఆలస్యమైతే జనం నన్ను తిడతారు. అది టైముకి వచ్చినందుకు మా వదినను మెచ్చుకున్నవాడు మాత్రం ఇంతవరకు లేడు. ఆమె గది మెట్ల కింద ఉంటుంది, కిటికీ లేదు. అక్కడి ఏసీ మెషీన్ల కోసం, మనుషుల కోసం కాదు. అందుకని ఏడాది పొడవునా స్వెట్టర్ వేసుకునే కూర్చుంటుంది.

ఆమధ్య కంప్యూటర్ల విభాగానికి కొత్త మేనేజరు వచ్చాడు. మూడోవారానికే సర్వర్ల పేర్లు ఆయన కంట్లో నలుసులయ్యాయి. ల్యాబు సర్వరుకు 'ల్యాబు' అని పేరుండటం ఏం పద్ధతి? అన్నిటికీ అక్షరాలూ అంకెలూ కలిపి ఒకే వరస పేర్లుండాలట.

"మార్చొచ్చు సార్, ఒక ఆదివారం ఇవ్వండి," అంది వదిన. "మెషీన్ పేరు మారిస్తే చాలదు. లోపలున్న డేటాబేసుకి పాత పేరే గుర్తుంటుంది. దానికీ కొత్త పేరు చెప్పి, ఆపి మళ్ళీ నడపాలి. ఆ రెండు పేర్లూ కలిస్తేనే రోజూ బ్యాకప్ జరుగుతుంది."

అలా ఏర్పాటు చేసింది ఆమే. ఒకప్పుడు కొత్తవాళ్ళు నేర్చుకోవడానికి పెట్టిన నకలు సర్వరు, లోపల అసలుదాని పేరే ఉండటంతో, తన చెత్తనంతా అసలు బ్యాకప్ మీద రాసిపడేసింది. అప్పటినుంచి పేర్లలో తేడా వస్తే బ్యాకప్ చప్పుడు చేయకుండా ఆగిపోతుంది.

"పేరు మార్చడానికి ఆదివారమా! మా ఇంట్లో కంప్యూటర్‌కి రెండు నిమిషాల్లో మార్చానమ్మా," అన్నాడాయన.

మర్నాడు వదిన పన్ను నొప్పికి ఒకపూట సెలవు పెడితే, ఆ పూటే ల్యాబు సర్వరు పేరు తనే మార్చేశాడు. రిపోర్టులు మామూలుగానే వచ్చాయి. అందరికీ మెయిల్ పంపి తన భుజాలు తానే చరుచుకున్నాడు.

వదిన వచ్చి చూస్తే ఆ రోజు బ్యాకప్ లేదు. లోపలి పేరు కూడా మార్చడానికి పది నిమిషాలు సర్వరు ఆపనివ్వమని అడిగింది. "నడిచేదాన్ని ముట్టుకోవద్దు. నా సంతకం లేకుండా ఏ మార్పూ చేయొద్దు," అని రాసిచ్చాడు మేనేజరు. నేనైతే ఆ కాగితం ఆయన మొహాన కొట్టేదాన్ని. ఈమె మార్పేమీ చేయలేదు. రోజూ డ్యూటీ దిగేముందు గంటసేపు కూర్చుని, తనే కాపీ తీసి, వేరే డిస్కులో పెట్టి, బీరువాకు తాళం వేసేది.

"నీకెందుకు వదినా ఈ చాకిరీ?" అన్నాను.

"అవి జనం రిపోర్టులమ్మా," అంది.

తొమ్మిదోరోజు పొద్దున ల్యాబు సర్వరు డిస్కు చచ్చి ఊరుకుంది. ముందురోజు సాయంత్రం తీసిన కాపీతో మధ్యాహ్నానికల్లా వదిన అంతా నిలబెట్టింది. ఆ కాపీ తీశాక వచ్చిన నలభై రిపోర్టులు మాత్రం ల్యాబువాళ్ళు మళ్ళీ ఎక్కించుకున్నారు.

మూడోనాడు పై అధికారుల నుంచి మెమో వచ్చింది. మేనేజరుకనుకున్నాను. కాదు, వదినకి! మేనేజరు ఫిర్యాదు చేశాడట, అనుమతి లేకుండా రోగుల వివరాలు కాపీ చేసి దాచినందుకు ఉద్యోగంలోంచి ఎందుకు తీసేయకూడదో చెప్పాలట. దొంగే 'దొంగా దొంగా' అని అరవడమంటే ఇదే. తప్పయిందని రాసిస్తే వదిలేస్తామని కబురు కూడా చేశారు. "రాసిచ్చేయ్, పోనీ," అన్నాడు మా అన్నయ్య. నేను పెట్టిన కేకలకు పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకున్నారు.

వదిన నాలుగు లైన్ల జవాబు రాసి, నాకు చూపించి మరీ ఇచ్చింది.

"నేను తీసిన కాపీ అనుమతి లేనిదే. పేరు మార్చిన నాటినుంచి ఇవాళ సర్వరులో ఉన్న ఎనిమిది రోజుల రిపోర్టులన్నీ దాంట్లోంచి వచ్చినవే. అవి ఉండకూడదని మీరనుకుంటే, తుడిచేయమని మీ సంతకంతో ఉత్తర్వు ఇవ్వండి. తుడిచేసి, తప్పయిందని రాసిస్తాను."

ఇది జరిగి నాలుగు నెలలు. మెమో వెనక్కి తీసుకోలేదు. ఆ ఉత్తర్వు మీద సంతకం పెట్టేవాడూ ఇంతవరకు దొరకలేదు.