నలభై పొట్లాల అడవి గింజలు

ఆ మధ్యాహ్నం మబ్బు పట్టిందని మేడ మీదికి పరుగెత్తాను. నేను ఎండబెట్టిన చోట గింజలు లేవు. కాగితాలు మాత్రం ఒకదాని మీద ఒకటి పేర్చి, ఎగిరిపోకుండా పైన ఇటుక పెట్టి ఉన్నాయి.

అవి నలభై కాగితాలు. ఒక్కోదాని మీద తేదీ, చెట్టు నంబరు. అస్సాం అడవిలో గిబ్బన్లని ఉంటాయి, తోక లేని, చేతులు పొడుగున్న వానరాలు. రెండేళ్లుగా వాటి వెనకే తిరుగుతున్నాను. అవి ఏ రోజు ఏ పండు తిన్నాయో తెలియాలంటే వాటి పెంట ఏరాలి, అందులోని గింజలు కడిగి లెక్కపెట్టాలి. ఏ పొట్లం ఏ రోజుదో తెలిస్తేనే ఆ గింజకు విలువ. యూనివర్సిటీ ల్యాబుకు రెండు రోజులు సెలవు వచ్చింది. చెమ్మ పొట్లాలు బూజు పడతాయన్న భయంతో ఎల్బీనగర్ నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని ఇబ్రహీంపట్నంలోని మా ఇంటికి తెచ్చాను. పొట్లాలు విప్పి, ఏ గింజలను వాటి కాగితం మీదే మేడ మీద ఎండేశాను. సోమవారం నా పరిశోధన చూసే మేడంకు లెక్కలు చూపించాలి. లేకపోతే నా పరిశోధన ఏడాది వెనక్కి పోతుంది.

ఇంట్లో "అడవి గింజలు" అని మాత్రమే చెప్పాను. వరసగా రెండేళ్లు కోతులు మా పల్లి చేను పీకి పారేసినప్పటి నుంచి, వాటి పేరెత్తితే చాలు, అమ్మ శాపనార్థాలు మొదలుపెడుతుంది. అలాంటి మనిషికి, నీ కూతురు అంత చదువు చదివి కోతి పెంట ఏరుతోందని ఎలా చెప్పను? సిగ్గేసింది. ఉన్నమాట.

కాగితాలు పట్టుకుని కిందికి దిగేసరికి అమ్మ వంటింటి గడప దగ్గర పెద్ద గిన్నె ముందేసుకుని కూర్చుంది.

"అమ్మా, నా గింజలేవి?"

"మొగులైంది బిడ్డా, తడుస్తయని ఎత్తుకొచ్చిన. జూడు, ఉప్పునీళ్లల్ల ఏసి తాలు తీసేసిన. మునిగినయే మంచియి. నువ్వు ఇత్తనానికే గద తెచ్చినవ్?"

విత్తే ముందు ఏ గింజనైనా అమ్మ ఇలాగే ఉప్పునీళ్లలో వేస్తుంది. తేలింది తాలు, మునిగింది విత్తనం. నా నలభై కుప్పలూ ఒకే గిన్నెలో కలిసిపోయాయి. తేలినవాటిని వాకిట్లో పారబోసింది. వాటిని అప్పటికే కోళ్లు ఏరుకు తింటున్నాయి.

"ఆగం జేసినవ్! రెండేండ్ల పని ఆగం జేసినవ్! సదువు రానిదానివి, నీకెందుకే గవి?"

అనేశాను. అమ్మ ముఖం చిన్నబోయింది. తడి చేతులు కొంగుకు తుడుచుకుని, గింజలు చాటలో పోసుకుని ఏరడం మొదలుపెట్టింది. అరగంటలో అందులో ఉన్న తొమ్మిది రకాలూ వేరు చేసేసింది. ఆ పనికి నాకైతే ఒక పూట పట్టేది. కానీ రకాలు విడిపోతే ఏం లాభం? ఏ గింజ ఏ రోజుదో ఇక దేవుడికే ఎరుక.

అప్పుడు పుట్టింది నాలో పాడుబుద్ధి. గిబ్బన్లు ఏ రోజు ఏ చెట్టు మీద ఉన్నాయో నా నోట్‌బుక్‌లో ఉంది. దాన్నిబట్టి గింజలు పంచేస్తే ఎవరికి తెలుస్తుంది? పెన్ను తీసి మొదటి కాగితం మీద పన్నెండు అని రాశాను. రెండోదాని మీద ఏడు. అమ్మ చూస్తూనే ఉంది.

"గా పన్నెండు గా రోజుయే అని నీకెట్ల తెల్సె?"

"తెల్వదు. అందాజకు రాస్తున్న."

"అందాజకు రాసేదానికి గంత దూరం అడవికి పోవుడెందుకే? ఇంట్ల కూసోనే రాయొచ్చు గద."

చెంప ఛెళ్లుమన్నట్టయింది. అమ్మ మీది కోపమంతా నా మీదికే తిరిగింది. మేడంకు ఫోన్ చేసి గింజలన్నీ కలిసిపోయాయని చెప్పాను, దొంగగా రాసిన ఆ రెండు అంకెల సంగతి కూడా.

"ఆ నలభై పొట్లాలూ లెక్కలోంచి కొట్టెయ్. వచ్చే పండ్ల కాలానికి మళ్లీ అడవికి వెళ్లు," అని మేడం పెట్టేశారు.

నా పరిశోధనలో ఏడాది పోయినట్టే. గోడకు ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చాను. అమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"మా అమ్మనే జేసింది అని చెప్పకపోయినవా?"

"నీ తప్పు కాదమ్మా. అవి ఇత్తనానికి కాదు. కోతుల పెంటలకెళ్లి ఏరినయి. గదే నా పని. నీకు చెప్పనీకి సిగ్గయింది."

అమ్మ తన చేతులు చూసుకుంది. గిన్నె వైపు చూసింది. ఇక తిట్లేనని తల వంచుకున్నాను.

"నీ పెంట ఎత్తిన చేతులివి," అంది. "కోతి పెంటకు జడుస్తనా? గా ముక్క ముందుగాలనే చెప్తే, నీ నలభై పొట్లాల కాడ నేనే కావలి కూసుంటుంటి గదనే."