వరుస ప్రార్థనలో పిల్లి

నేల రాలే పిచ్చుకను మరువని తండ్రికి, కాకుల చేత తన సేవకునికి ఆహారం పంపిన ప్రభువుకు, నోరులేని జీవాలతో కూడా తన పని జరిగించుకునే దేవునికి ముందుగా నా స్తోత్రాలు. ఆయనను స్తుతించాకే ఏ సంగతైనా మొదలుపెట్టాలని మా నాన్న నేర్పాడు. అది పిల్లి సంగతైనా సరే.

మొన్న ఆదివారం ఆరాధన ముగించుకుని వస్తూ అబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల దగ్గర ఆగాను. నా కళ్లకు ఆనే పెద్దక్షరాల కీర్తనల పుస్తకం దొరుకుతుందేమోనని వంగి వెతుకుతుంటే, చీర కుచ్చిళ్ల దగ్గర ఏదో మెత్తగా తగిలింది. చూస్తే బూడిదరంగు పిల్లి. ఎంట్రెన్స్ గైడ్ల దొంతర మీంచి దిగివచ్చి, ఏనాటి పరిచయమో ఉన్నట్టు తలతో నా కాలిని ఒక్క పోటు పొడిచి, ముఖంలోకి చూసింది. "భయపడకమ్మా, అందర్ని గట్లనే పలకరిస్తది. బేరం మాత్రం జెయ్యది" అన్నాడు పుస్తకాలాయన. నవ్వాను గానీ, ఆ తల తాకిడితో నా మనసు నాంపల్లికి వెళ్లిపోయింది.

తొంభైల చివర్లో మేము నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో కిరాయికి ఉండేవాళ్లం. రైలు కూత వినబడితే మా ఇంట్లో ప్రార్థన చేసేవారు గొంతు పెంచేవారు. రైలు వెళ్లిపోయాక కూడా కొందరి గొంతు తగ్గేది కాదు. ఆ గల్లీలో నలుపూ తెలుపూ కలిసిన పిల్లి ఒకటి తిరిగేది. అది ఎవరిదీ కాదు, అందరిదీ. పక్కింటి ముస్లిం పెద్దావిడ, మేము ఖాలా అని పిలిచే ఆమె, దానికి బేగం అని పేరు పెట్టి పాలు పోసేది. మేము ఊరికే పిల్లి అనేవాళ్లం. విశ్వాసులం గనుక శకునాలు నమ్మేవాళ్లం కాదు. అయినా అది దారికి అడ్డం వస్తే, మా సంఘంలో ఒక సిస్టరు చెప్పు సర్దుకునే నెపంతో ఆగి, ఇంకెవరైనా ముందు నడిచాక గానీ కదిలేది కాదు.

మా ఆయన తల్లి, అంటే మా అత్తమ్మది మెదక్ వైపు. ఆమె ప్రార్థన మొదలుపెట్టిందంటే పొయ్యి మీద చాయ్ దించి రావలసిందే. వాన, పంట, పొరుగువారి కోడలు, దేశాన్నేలేవారు, అందరూ అందులోకి వచ్చేవారు. "జర దేవుణ్ణి గూడ ఊపిరి తీసుకోనియ్యవే" అని మామయ్య ఎగతాళి చేసేవాడు. ఆ మామయ్య దవాఖానలో పడ్డాడు. ఆమె ఉపవాసముండి, మంచం పక్కనే మోకరించి, బతికించమని వేడుకుంది. ఆయన ఇంటికి తిరిగి రాలేదు. తరువాత ఆమె మా దగ్గరికి వచ్చేసింది. చర్చికి వచ్చేది, బైబిలు ఒళ్లో పెట్టుకునేది, పెదవి మాత్రం కదిపేది కాదు. ఒకసారి ధైర్యం చేసి అడిగాను. "నమ్మకం పోలే బిడ్డా. ఆయనతోని మాటలు బంద్ జేసిన, గంతే" అంది. భర్త మీద అలిగిన ఇల్లాలు వంట మానదు, మాట మానుతుంది. దేవునితో ఆమె అలకా అలాగే ఉండేది.

శుక్రవారం సాయంత్రాలు మా ఇంట్లో స్త్రీల కూడిక జరిగేది. చాప మీద గుండ్రంగా కూర్చుని వరుస ప్రార్థన చేసేవాళ్లం. అందరి కళ్లూ మూసి ఉంటాయి గనుక, ఒకరు ఆమెన్ అనగానే పక్కవారి మోకాలు ముడతారు; ఇక వంతు వారిది. అత్తమ్మకు వంతు వస్తే, వేడి గిన్నె అందించినట్టు చప్పున నన్ను ముట్టి ఊరుకునేది. అది చూసి పాస్టరమ్మగారు, "అమ్మను ఇబ్బంది పెట్టొద్దమ్మా, గాయం పచ్చిగా ఉంది" అన్నారు. ఆనాటి నుంచి ఆమెకు కుడివైపున పాస్టరమ్మగారే కూర్చుని, ప్రార్థన అయ్యాక ఆమె ముందు నుంచి చెయ్యి చాపి నన్ను ముట్టేవారు. అంతా జాలితోనే. కానీ ఓరకంట చూసే దురలవాటు వల్ల నాకొకటి తెలుసు. తన వంతు రావలసిన వేళకు అత్తమ్మ తల మీద కొంగు సర్దుకునేది. నా గొంతు వినబడగానే కొంగు మెల్లగా జారవిడిచేది.

ఒక వానాకాలం సాయంత్రం తలుపు ఓరగా వేసి ఉంది. పాస్టరమ్మగారు ఆమెన్ అన్నారు. ఆమె చెయ్యి నా దాకా రాకముందే, తడిసిన పిల్లి లోపలికి వచ్చి, చాప మీద నడిచి, అత్తమ్మ మోకాలిని తలతో ఒక్కసారి పొడిచింది. అత్తమ్మ ఉలిక్కిపడి కొంగు తలమీదికి లాక్కుంది. తరువాత ఆమె గొంతు వచ్చింది.

"తండ్రీ, నీ మీద నాకు కోపమున్నది."

ఎవరి నోటి స్తోత్రం వారి నోట్లోనే ఆగిపోయింది.

"బతికియ్యమని అడిగిన. ఇయ్యలే. ఎందుకో నీకే ఎర్క. గాని నాకొక్క మాట జెప్పాలె గద. చాయ్‌ల చక్కెర ఎక్కువైతే నాతోని కొట్లాడేటోడు. ఇప్పుడు ఎట్ల జేసినా అనేటోళ్లు లేరు. ఇంగ నేనెవరితోని కొట్లాడాలె? నీతోనే."

అలా దేవునితో తగవు పడి, ఏడ్చి, ఆ ఏడుపులోంచే మెల్లగా మా పిల్లల చదువుకూ, ఖాలా మోకాళ్ల నొప్పికీ వచ్చింది. లోపల చాయ్ పొంగి పొయ్యి ఆరిపోయిన వాసన వస్తున్నా ఎవరం లేవలేదు. ఆమెన్ అని కళ్లు తెరిచి, ఆమె పాస్టరమ్మగారి వైపు తిరిగింది.

"నువ్వన్న ముట్టినవు తల్లీ, సల్లగుండు."

"నేను ముట్టలేదమ్మా" అన్నారు ఆమె తడబడుతూ.

అత్తమ్మ నా వైపు చూసింది. నేను ఆమె చీర అంచు వైపు చూపించాను. పిల్లి అక్కడే చేరి, పంజా నాక్కుంటోంది. ఆమె చిన్నబుచ్చుకుంటుందేమో, మళ్లీ నోరు మూసుకుంటుందేమో అని అందరం భయపడ్డాం. ఆమె దాన్ని చూసి, తల ఊపింది.

"ఔనా. దేవుని బిడ్డలందరు నన్ను ఇడిసి పోయిన్రు. గీ పిల్లి నా వంతు నాకిచ్చింది."

చెప్పు సర్దుకునే సిస్టరే ముందు నవ్వింది. పాస్టరమ్మగారు అత్తమ్మ రెండు చేతులూ పట్టుకున్నారు. అప్పుడు అత్తమ్మకు గుర్తొచ్చినట్టుంది. చెయ్యి విడిపించుకుని నా మోకాలు ముట్టి, "ఇంగ నువ్వు జెయ్యి బిడ్డా" అంది. నేనేం ప్రార్థించానో నాకిప్పుడు గుర్తులేదు.

బైబిలులో ఇంటి పిల్లి ఊసు నాకెక్కడా కనబడలేదు. బిలాము గాడిద ఉంది, యోనాను మింగిన చేప ఉంది. మా బేగంని ఆ వరుసలో ఎక్కడ నిలపాలో ఆయనకే తెలుసు. కొన్నేళ్లకు అది వెళ్లిన చోటు తెలియకుండా వెళ్లిపోయింది. ఆ తరువాత అత్తమ్మ కూడా ప్రభువు దగ్గరికి వెళ్లింది, చివరి వారం దాకా చాయ్ చల్లార్చే ప్రార్థనలు చేస్తూనే. ఆమె వంతు మాత్రం మేము మళ్లీ ఎన్నడూ దాటలేదు.

అబిడ్స్‌లోని ఆ బూడిదరంగు పిల్లి అప్పటికే ఇంకొకరి కాళ్ల దగ్గరికి వెళ్లింది. పెద్దక్షరాల పుస్తకం దొరకలేదు. ఏళ్లు ఎవరి కోసమూ ఆగకుండా మనల్ని దాటిపోతూనే ఉంటాయి. మన పక్కన కొంగు సర్దుకుని ఎదురుచూసే మనిషినైనా మనం దాటిపోకుండా ఉండే కృప కోసం, ఇది చదివిన మీరు ఈ పూట నాతో కలిసి ఒక్క మాట ప్రార్థించండి.