మేష్టారు ఒప్పుకున్న ప్రాక్సీ

ఈ రోజు మా యూనివర్సిటీ ఆవిర్భావ దినోత్సవానికి వెళ్లాను. సాధించిన ర్యాంకులు, రాబోయే భవనాలు తెర మీద గంటసేపు చూపించారు. పొగాకు గోడౌన్‌లో కూర్చుని పాఠాలు విన్న మా మొదటి బ్యాచ్ ఊసే లేదు. ఒళ్లు మండింది.

చివర్లో, అప్పట్లో మాకు పాఠాలు చెప్పిన మేష్టారిని మాట్లాడమన్నారు. ఆయన ప్రసంగం చేయలేదు. కళ్లు మూసుకుని మా బ్యాచ్ హాజరు పిలవడం మొదలుపెట్టారు. నెరిసిన తలలతో ఒక్కొక్కరం లేచి "ప్రెజెంట్ సార్" అన్నాం.

"కోటేశ్వరరావు."

ఎవరూ పలకలేదు. చదువయ్యాక వ్యవసాయంలోకి దిగిన మా కోటేశ్వరరావు, పత్తి దెబ్బతిన్న ఏడాది ప్రాణం తీసుకున్నాడు. మేష్టారికి ఆ సంగతి తెలుసు. అయినా మళ్లీ పిలిచారు.

"ప్రెజెంట్ సార్!"

లేచింది ఏసురత్నం. హాస్టల్లో కోటేశ్వరరావు రూమ్మేట్. ఆ రోజుల్లో వాడు క్లాసు ఎగ్గొడితే వాడి బదులు ప్రాక్సీ పలికిందీ ఇతనే.

మేష్టారు కళ్లు తెరిచారు. "ఏరా ఏసురత్నం, ఇంకా మానలేదా?"

"మానలేదండి."

"సరే, వేశాన్లే. కూర్చో."

ప్రాక్సీ దొరికితే క్లాసులోంచి గెంటేసిన మనిషి, ఇదొక్కటీ ఒప్పుకున్నారు. మీ బ్యాచ్ హాజరు ఇప్పుడు పిలిస్తే, మీరు ఎవరి పేరుకి లేస్తారు?