ఒదీలియా గీసిన తెర

ఉరుగ్వే రాజధాని మోంతెవీదియోలో ఒదీలియా ఎక్కడికి వెళ్లినా చంకలో మాతే అనే ఆకు టీ కాచుకునే ఫ్లాస్కు, జుట్టు ముడిలో ఓ పెన్సిలు ఉంటాయి. నెట్‌వర్క్‌లో తిరిగే ప్యాకెట్లను, అంటే సమాచారపు ముక్కలను, పట్టి దాచే యంత్రం ఒకటుంది. దాచినవాటిలోంచి కావలసినదాన్ని అడిగి తీసుకునే కంప్యూటర్ తెరను గీయడం ఆవిడ పని. ముందు కాగితం మీద గీస్తుంది. తర్వాత వాడేవాళ్ల వెనక కుర్చీ వేసుకుని, నోరు విప్పకుండా వాళ్ల చేతులనే చూస్తుంది.

ఒక మంగళవారం పొద్దున అలాగే ఓ ఆసుపత్రిలో కూర్చుంది. ఉన్నట్టుండి ఆపరేషన్ గదికి ఎక్స్‌రే బొమ్మలు రావడం ఆగిపోయింది. అప్పటికే రోగికి మత్తిచ్చారు. నెట్‌వర్క్ చూసుకునే నెలిదా గబగబా ఆ తెర తెరిచింది. ఏ చిరునామా, ఏ పోర్టు అంటూ పద్నాలుగు ఖాళీ గడులు కనిపించాయి. ఆమె వేళ్లు మీటల మీదే ఆగిపోయాయి.

“నాకు తెలిసింది ఒక్కటే. ఎనిమిదింటికి వచ్చాయి, ఎనిమిదిన్నరకి రాలేదు. అదెక్కడ రాయాలి తల్లీ?”

ఒదీలియా తెరంతా వెతికింది. ఆ మాటకు చోటు లేదు.

“అయితే నీ గడులు నువ్వే నెత్తిన పెట్టుకో!” అని నెలిదా బొమ్మల్ని డిస్కులోకి ఎక్కించుకుని మెట్లమీదుగా ఆపరేషన్ గదికి పరిగెత్తింది. ఆపరేషన్ ఎలాగో గట్టెక్కింది.

ఆ వారమంతా ఒదీలియా కాగితం మీద మళ్లీ గీస్తూ కూర్చుంది. ఆరు నెలలు పట్టిన ఆ పద్నాలుగు గడులనూ తెర అడుగుకి నెట్టి, పైన రెండే ప్రశ్నలు గీసింది: ఎప్పటిదాకా బాగుంది? ఎప్పుడు ఆగింది? ఆ రెంటి మధ్య తేడా యంత్రమే వెతుక్కోవాలి.

నెల తర్వాత బొమ్మలు మళ్లీ ఆగాయి. నెలిదా ఆ రెండు సమయాలూ టైపు చేయగానే పాడైన పరికరం పేరు వచ్చేసింది.

“ఈ ప్రశ్నల గడి మొదట్నుంచీ ఉందా? ఆరోజు నాకే కనబడలేదా?”

“ఉండాల్సింది,” అంది వెనక కుర్చీలోంచి ఒదీలియా.